మా గేటు దగ్గర ఆగని టీచర్

గురువారం తెల్లవారుజామున అయిదు గంటలకు మా పక్కింటి టీచర్ చనిపోయారు. డర్బన్‌కు దక్షిణాన చమురు శుద్ధి కర్మాగారాలను ఆనుకుని ఉన్న మెరీబ్యాంక్‌లో, తన ఇంట్లోనే, నిద్రలోనే పోయారు. డెబ్బై తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా గుండె బలహీనంగా ఉంది. లేడీస్మిత్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తున్న కొడుకు మధ్యాహ్నానికి వచ్చేశాడు. అంత్యక్రియలు ఆదివారం.

ఆవిడ నాకు ఒక ఏడాది క్లాసు టీచర్. మా అమ్మకు ఇన్నేళ్లూ పక్కింటావిడ. మేమంటే ఆవిడకు పడేది కాదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలాంటి వాక్యాన్ని తీసేయడం మర్యాద అని తెలుసు. అయితే ఆవిడే నాకు వాక్యం రాయడం నేర్పింది. ఉన్నది తీసేసి లేనిది పెడితే ఎర్ర పెన్నుతో కొట్టేసేది. అందుకని ఉంచుతున్నాను.

ఈ దేశంలో అన్ని రంగుల వాళ్లూ ఓటేసిన మొదటి ఎన్నికలు జరిగిన మరుసటి ఏడు మేం బెజవాడ నుంచి ఇక్కడికి వచ్చాం. నాన్నకు కాగితపు మిల్లులో ఇంజనీరు ఉద్యోగం దొరికింది. నాకప్పుడు పదేళ్లు. వీధి నిండా మనలాంటి మొహాలే. ఇళ్ల ముందు తులసి మొక్కలు, వెదురు గడలకు కట్టిన ఎర్ర జెండాలు. వందేళ్లకు ముందే చెరకు తోటల్లో కూలికి ఓడల్లో వచ్చిన కోస్తా వాళ్ల మునిమనవలు వాళ్లు. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు. అవ్వ, తాత, పచ్చడి, దేవుడి దగ్గర నాలుగు పాటలు, కోపమొస్తే తిట్లు, ఇంతవరకే తెలుగు మిగిలింది. అమ్మకు ఇదేమీ తెలియదు. "మన ఊరి పక్కకి వచ్చినట్టుంది" అని ఫోన్‌లో అమ్మమ్మతో సంబరంగా చెప్పింది.

ఆ వారంలోనే, శనివారం ఉదయం గేటు దగ్గర పెద్ద గొంతు వినిపించింది.

"గోవిందా!"

అమ్మ చపాతీ పిండి కలుపుతోంది. ఆ చేతులతోనే ముందు గదిలోకి వచ్చి కిటికీలోంచి చూసింది. గేటు అవతల ఒకావిడ. పసుపు రంగు చీర, నుదుటి మీద నామం, కాళ్లకు చెప్పుల్లేవు. చేతిలో పసుపు దారం చుట్టిన ఇత్తడి చెంబు. వెనకాల వీధి పిల్లలు నలుగురైదుగురు.

బెజవాడలో మేం ఉన్న వీధి శ్మశానానికి వెళ్లే దారిలో ఉండేది. ఆ కేక అమ్మ ఎక్కువగా విన్నది పాడె వెంటే. కొత్తింట్లో దిగి వారమైనా కాలేదు. అమ్మ మొహం మాడిపోయింది.

"చెయ్యి ఖాళీ లేదు. ముందుకెళ్లమ్మా" అంది.

ఆవిడ కదల్లేదు. ఇంకోసారి "గోవిందా" అంది, ఈసారి కాస్త మెల్లగా. అమ్మ తలుపు మూసింది. గొళ్లెం పెట్టింది. నేను కిటికీ పక్కన నిలబడి చూస్తున్నాను. ఆవిడ చెంబు పైకి ఎత్తి అందులోకి చూసుకుంది. అది ఖాళీగా ఉంది. పిల్లల్లో ఒకడు నవ్వాడు. ఆవిడ వెనక్కి తిరిగి పక్కింట్లోకి, తన ఇంట్లోకి వెళ్లిపోయింది.

అమ్మ అది గమనించలేదు. అడుక్కునేవాళ్లు ఇక్కడ కూడా ఉంటారన్నమాట అనుకుంటూ పిండి దగ్గరకు వెళ్లింది.

సోమవారం నన్ను బళ్లో చేర్చారు. ఆఫీసు గదిలోంచి ఒక అటెండర్ నన్ను క్లాసుకు తీసుకెళ్లాడు. బోర్డు దగ్గర సుద్దముక్కను రుమాలులో చుట్టి పట్టుకుని నిలబడింది ఆవిడే. మడతలు నలగని గౌను, నల్ల బూట్లు. నామం లేదు. అయినా గుర్తుపట్టాను. ఆవిడా గుర్తుపట్టింది.

ఆవిడ ఇంగ్లీషులో అన్నవి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. తెలుగులో అన్నవి అన్నట్టే రాస్తున్నాను.

"వచ్చిందా ఇండియా పిల్ల" అంది తెలుగులో. తర్వాత ఇంగ్లీషులో, "వెనక బెంచీలో కూర్చో. అక్కడ కిటికీ ఉంది, మీ ఇంటి గేటులాగే బాగా మూసుకుంటుంది."

క్లాసంతా నవ్వింది. విషయం అప్పటికే అందరికీ తెలుసు. ఆ రోజు లెక్కకు జవాబు తెలిసి చెయ్యెత్తాను. ఆవిడ నా వైపు చూసి, అమ్మ మాటను అమ్మ యాసతో సహా అప్పజెప్పింది.

"చెయ్యి ఖాళీ లేదు. ముందుకెళ్లమ్మా."

అలా ఏడాదంతా. నేను చెయ్యెత్తిన ప్రతిసారీ కాదు, నేను మర్చిపోయాననుకున్నప్పుడల్లా. తెలుగు రాని పిల్లలు కూడా ఆ రెండు ముక్కలూ నేర్చుకున్నారు. ఇంటర్వెల్‌లో నా వెనకాల "ముందుకెల్లమా, ముందుకెల్లమా" అని అరుస్తూ తిరిగేవాళ్లు. వాళ్లలో చాలామంది తాతముత్తాతల భాషలో పలికిన మొదటి పూర్తి వాక్యం బహుశా అదే అయ్యుంటుంది.

అమ్మకు అసలు సంగతి చెప్పింది ఎదురింటి తమిళ అవ్వ. సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే పురటాసి నెల శనివారాల్లో ఇక్కడి తెలుగువాళ్లూ తమిళులూ నీసు మాని ఉపవాసం ఉంటారు. మొక్కు ఉన్న ఇంటివాళ్లు ఎంత గొప్పవాళ్లయినా ఆ రోజు చెప్పుల్లేకుండా చెంబు పట్టుకుని బయలుదేరాలి. ఇరుగుపొరుగు గేట్ల దగ్గర గోవిందా అని పిలవాలి. ఇంటికో పిడికెడు బియ్యం పడాలి. ఆ బియ్యంతోనే దేవుడికి వండాలి. మొదటి పిడికిలి పక్కింటిది. ఆ ఇల్లు చాలా నెలలు ఖాళీగా ఉంది. కొత్తగా తెలుగువాళ్లు, అదీ ఇండియా నుంచి వచ్చారని తెలిసి టీచర్ ముందురోజే చెంబు తోమి పెట్టుకుందట.

"మొదటి గేటు లేదంటే ఆ శనివారం పోయినట్టే. ఆమె ఆ రోజు వండలేదు" అంది అవ్వ.

అమ్మ ఆ సాయంత్రమే స్టీలు పళ్లెంలో బియ్యం పోసుకుని, మీద పసుపు కొమ్ము పెట్టుకుని పక్కింటికి వెళ్లింది. నన్ను వెంట తీసుకెళ్లింది. పిల్లను చూస్తే కరుగుతుందనుకుంది. టీచర్ వరండాలో కరివేపాకు రెమ్మలను తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తోంది. మెరీబ్యాంక్‌లో కరివేపాకు మీద రాత్రికి రాత్రే మసి పడుతుంది. తుడవకుండా తాలింపులో వేస్తే కూర కిరసనాయిలు వాసనొస్తుంది.

"తెలియక జరిగిందండీ" అంది అమ్మ. "బిచ్చానికి వచ్చారనుకున్నాను. ఇది తీసుకోండి."

టీచర్ పళ్లెం వైపు చూడలేదు. తెలుగులో మాట్లాడింది. ఒక్కో ముక్కా వెతుక్కుంటూ.

"నేను బిచ్చం అడగలే. దేవుడి బియ్యం అడిగింది. గేటు కాడ అడిగితే గేటు కాడ పెట్టాల. నువ్వు ఎనక తెచ్చి ఇస్తే అది ఉత్త బియ్యం. ఉత్త బియ్యం నా ఇంట్లో ఉంది."

"మా ఊళ్లో ఇలాంటిది..."

"మీ ఊరి నుంచే మా తాత తెచ్చింది ఇది!" గుడ్డ నేలకేసి కొట్టింది. "మీరు మర్చిపోయింది. మేము మర్చిపోలే. మళ్లీ మీరే మాకు తెలుగు నేర్పుతది?"

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. మిగిలింది ఇంగ్లీషులో అంది. ఆవిడ కొడుకు అదే మిల్లులో టెక్నీషియన్. పాత చట్టాలున్నన్నాళ్లూ పై ఉద్యోగం తెల్లవాళ్లకే. చట్టం పోయింది, తెల్ల ఇంజనీరు రిటైరయ్యాడు, ఇక కొడుక్కే అని ఇల్లంతా ఎదురుచూసింది.

"ఆ కుర్చీ కోసం మావాడు తొమ్మిదేళ్లు నిలబడ్డాడు. మీ ఆయన విమానం దిగి కూర్చున్నాడు" అంది. తర్వాత వీధికుక్కల్ని అదిలించే మాటతో మమ్మల్ని అదిలించింది. "ఫుట్‌సెక్!"

అమ్మ వెనక్కి తిరిగింది. పళ్లెంలోంచి ఒక్క గింజ కూడా ఒలకకుండా నడిచింది.

తర్వాతి ఏడు పురటాసి మొదటి శనివారం అమ్మ తెల్లవారక ముందే తలంటుకుని, పళ్లెం పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. టీచర్ చెంబుతో బయటికొచ్చింది. మా గేటు ముందు నుంచి, అమ్మకు చేయిచాపు దూరంలో, నోరు మెదపకుండా వెళ్లింది. ఎదురింటి గేటు దగ్గర "గోవిందా" అంది. ఆ ఏటి నుంచి ఆవిడకు మొదటి గేటు ఎదురిల్లయింది.

అమ్మ ప్రతి ఏడూ నిలబడింది. ఆవిడ ప్రతి ఏడూ దాటింది. కొడుకు మిల్లు వదిలేసి లేడీస్మిత్ వెళ్లిపోయిన ఏడు మా గేటు ముందు ఉమ్మింది కూడా. ఓవర్‌పోర్ట్‌కు మారదామని నాన్న చాలాసార్లు అన్నాడు. అక్కడ ఇండియా నుంచి వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు ఉంటారు, ఈ కంపు ఉండదు, ఈ మాటలు పడక్కర్లేదు అనేవాడు.

"ఆవిడ మన గేటు దగ్గర ఆగేదాకా నేనెక్కడికీ రాను" అనేది అమ్మ.

"ఆగకపోతే?"

"ఆగకపోతే ఇక్కడే ఉంటాం."

ఇక్కడే ఉన్నారు.

ఇంత పగలోనూ ఒక లావాదేవీ నడిచేది. దాన్ని ఇద్దరూ ఒప్పుకునేవారు కాదు. కర్మాగారాల వైపు నుంచి గాలి తిరిగితే ఆరేసిన బట్టల మీద నల్ల చుక్కలు పడతాయి. గాలి ఎటు తిరుగుతుందో వీధిలో అందరికంటే ముందు టీచర్‌కు తెలిసేది. ఆవిడ తీగ మీద దుప్పట్లు వేస్తే అమ్మ మా దుప్పట్లు తడిపేది. ఆవిడ గబగబా తీసేస్తే అమ్మ పరుగెత్తేది. ఒకసారి అమ్మ స్నానంలో ఉండగా గాలి తిరిగింది. గోడ అవతల టీచర్ తన బకెట్‌ను గరిటెతో డబడబా వాయించింది. ఏ కుక్కనో తోలినట్టు. అమ్మ తడి జుట్టుతో బయటికొచ్చి బట్టలు తీసింది. ఇటు అమ్మా, అటు టీచరూ తల తిప్పలేదు.

క్లాసులో టీచర్ నన్ను వేళాకోళం నుంచి వదిలిందీ లేదు, చదువులో వదిలేసిందీ లేదు. 'ఉదయం' మీద వ్యాసం రాయమంటే, బెజవాడలో నేర్చుకున్న పద్ధతిలో బంగారు సూర్యుడు, పక్షుల కిలకిలలు రాశాను. మొత్తం కొట్టేసింది. నన్ను కిటికీ దగ్గరకు లాక్కెళ్లింది.

"ఏం కనబడుతుంది?"

"సూర్యుడు, టీచర్."

"మొద్దు మొహం. సరిగ్గా చూడు."

"పొగగొట్టం."

"పొగ ఏ రంగు?"

"పసుపు."

"మరి పొగగొట్టం రాయి. పసుపు రాయి. బంగారం నువ్వెక్కడ చూశావు?"

ఇన్నేళ్ల విలేకరి ఉద్యోగంలో నాకు ఇంతకంటే పనికొచ్చే పాఠం ఎవరూ చెప్పలేదు. కృతజ్ఞత చెప్పుకోవాల్సింది ఇదొక్కటే అయితే చిన్న వ్యాసంతో సరిపోయేది. ఇంకో రెండున్నాయి.

ఒక మధ్యాహ్నం గ్యాసు వాసన బడి లోపలికి వచ్చేసింది. కళ్లు మండాయి. నాకు ఉబ్బసం. రుమాళ్లు తడిపి ముక్కులకు కట్టించి, క్లాసును వరసలో మైదానం అవతలికి తోలిన తర్వాత టీచర్ నన్ను చంకలో చెయ్యి వేసి ఇంటిదాకా ఈడ్చుకొచ్చింది. దారి పొడుగునా తిట్టింది. ఇండియాలో గాలి లేదా, ఇక్కడికొచ్చి ఎందుకు చస్తారు, ఊపిరి పీల్చు గాడిదా, పీల్చు, వదులు, పీల్చు. ఆ తిట్ల తూగుకే నేను ఊపిరి పీల్చాను. మా గేటు దగ్గర నన్ను వదిలింది. లోపలికి అడుగు పెట్టలేదు. అమ్మ పరుగున వచ్చి చేతులు జోడించింది.

"కిటికీలు ముయ్యి" అంది టీచర్. "తలుపు సంగతి నీకు చెప్పక్కర్లేదు."

రెండోది తల్లిదండ్రుల సమావేశం. అప్పటిదాకా మా బడిలో భారతీయ సంతతి పిల్లలే ఉండేవారు. చట్టం మారాక, కొండ అవతల ఉన్న నల్లవాళ్ల బస్తీ ఉమ్లాజీ నుంచి జూలూ పిల్లలు చేరడానికి తల్లుల చేతులు పట్టుకుని గేటు దగ్గర నిలబడేవారు. హాలు కిక్కిరిసింది. కొత్త జెండా వేదిక మీద ఒక మూల వేలాడుతోంది. జనం అరుస్తున్నారు.

"ఇటుక ఇటుక మోసి మా తాతలు కట్టుకున్న బడి ఇది!" అన్నాడు ఒకాయన. "ముందు మన పిల్లలు. గేటు మూసేయండి, అంతే." చప్పట్లు మోగాయి.

టీచర్ లేచింది. కూర్చోమని కేకలు వేశారు. కూర్చోలేదు.

"నా మొహం మీద ఒకరు తలుపు వేశారు" అంది. "వేసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు." తలలన్నీ మా వైపు తిరిగాయి. అమ్మ ఒళ్లో చేతుల వంక చూసుకుంది. "ఖాళీ చెంబుతో వెనక్కి నడవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ పని నేను ఒక పిల్లకు చెయ్యను. నా క్లాసులో బెంచీలు ఇరికిస్తాను."

"ఇండియా వాళ్లని కూడా మీరే ఇరికించారుగా టీచర్!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

"ఇరికించాను. నాకు ఇష్టం లేదు" అంది. "ఇష్టంతో పనేముంది?"

ఆ వారం నా పక్కన ఒక జూలూ అమ్మాయి కూర్చుంది. ఆ తర్వాత కొన్ని నెలలు టీచర్ ఇంటి గోడ మీద రాత్రిపూట ఎవరెవరో బూతులు రాసిపోయేవారు. ఆవిడ పొద్దున్నే సున్నం బకెట్ పట్టుకుని పూసేది. అమ్మ ఒకసారి సాయానికి వెళ్లి బ్రష్ అందుకోబోయింది. "నా గోడ" అని లాక్కుంది టీచర్.

సమావేశం జరిగిన రాత్రి హాలు నుంచి నడిచొస్తూ అమ్మ ఏడ్చింది. నాకు టీచర్ మీద కోపం ఉడుకుతోంది. అమ్మ మాత్రం, "ఖాళీ చెంబు అంది, విన్నావా?" అంది. అమ్మ తలుపు మూసి వెళ్లిపోయింది కదా. ఆవిడ ఖాళీ చెంబుతో వెనక్కి నడవడం అమ్మ చూడలేదు, ఆ రాత్రే మొదటిసారి కళ్లకు కట్టింది.

రిటైరయ్యాక టీచర్ కాస్త వంగింది గానీ మెత్తబడలేదు. నా పేరుతో వార్త వచ్చినప్పుడల్లా పత్రికలో ఎర్ర పెన్నుతో గీసి మా పోస్టు డబ్బాలో పడేసేది. గీత లేని వార్తలు రెండో మూడో ఉంటాయి. పోయిన పురటాసికి నడవలేకపోయింది. వరండాలో కుర్చీలో కూర్చుని, చెంబు ఒళ్లో పెట్టుకుంది. ఎదురింటి వాళ్లే వచ్చి బియ్యం వేసి వెళ్లారు. అమ్మ మా గేటు దగ్గర పళ్లెంతో నిలబడే ఉంది.

గత నెల చూడ్డానికి వెళ్లాను. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తెలుగులో అడిగింది.

"మీయమ్మ ఇంకా పళ్లెం పట్టుకుని నిలబడతది?"

"నిలబడుతుంది టీచర్."

"కాళ్లు నొప్పి లేదా ఆమెకి?"

"ఉంది."

"నిలబడనీ" అంది.

నేను ఆవిడతో మాట్లాడిన చివరి మాటలు అవి.

చావు జరిగిన ఇంట్లో ఏడాది పాటు పూజలుండవు. వచ్చే నెల పురటాసికి ఆ చెంబు బయటికి రాదు. వచ్చే ఏడు దాన్ని ఎత్తడానికి ఆ ఇంట్లో మనిషి ఉండడు. కొడుకు ఇల్లు అమ్మేసి లేడీస్మిత్ వెళ్లిపోతాడు. గురువారం వార్త తెలియగానే అమ్మ అన్నది ఒకటే మాట. "అయిపోయింది."

శుక్రవారం సాయంత్రం కొడుకు గోడ దగ్గరకు వచ్చాడు. మిల్లులో నాన్న కింద పనిచేసిన రోజుల్లో మా వైపు చూడని మనిషి. ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది.

"ఆంటీ, అమ్మ ఒక పని చెప్పి పోయింది" అన్నాడు.

దహనానికి ముందు బంధువులు, ఇరుగుపొరుగువాళ్లు పోయినవాళ్ల నోట్లో బియ్యం వేస్తారు. ఆ బియ్యం ఇంట్లోది వాడొద్దని, దేవుడి బియ్యంలాగే చెంబు పట్టుకుని గేటు గేటుకూ తిరిగి తెమ్మని టీచర్ కొడుక్కి చెప్పింది. చెప్పుల్లేకుండా. పిలుస్తూ.

"మీ గేటు మొదలు అంది, ఆంటీ."

"ఆవిడే అందా?" అంది అమ్మ.

"యేబో, అవును ఆంటీ. అమ్మే అంది. ఇంకో మాట కూడా." ఆగాడు. చెప్పాలా వద్దా అని నా వైపు చూశాడు.

"చెప్పు బాబూ."

"తెలుగులోనే చెప్పమంది. నాకు సరిగ్గా రాదు." గొంతు సవరించుకున్నాడు. "ఈసారి ముందుకెళ్లమ్మా అంటే, నేను ఎళ్లలేను అని చెప్పు, అంది."

అమ్మ నవ్వింది. గట్టిగానే నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్లి స్టవ్ ఆపింది. స్టవ్ మీద ఏమీ లేదు, అది వెలగడం కూడా లేదు.

ఇది రాస్తున్నది శనివారం. గాలి సముద్రం వైపు నుంచి ఉంది. పక్కింటి తీగ ఖాళీగా ఉంది. మా తీగ కూడా ఖాళీగానే ఉంది, అమ్మ ఇవాళ బట్టలు తడపలేదు. వంటింట్లో కూర్చుని స్టీలు పళ్లెంలో బియ్యం ఏరుతోంది. ఇక్కడి ప్యాకెట్ బియ్యంలో రాళ్లుండవు.

ఆదివారం ఉదయం ఏడు గంటలకు కొడుకు చెంబుతో బయలుదేరతాడు. తొమ్మిదింటికి టీచర్‌ను శవాగారం నుంచి ఇంటికి తెస్తారు, పదకొండింటికి దహనం. మొదటి గేటు మాది. దాని గొళ్లెం అమ్మ నిన్న సాయంత్రమే తీసేసింది.